ఇంకా లేవని గోడలకు అగ్రిమెంటు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంకా కట్టని బిల్డింగులో క్లినిక్‌కి చోటు అద్దెకు తీసుకుంటానని నువ్వు పంపిన బ్రోచరు రెండుసార్లు చూశాను. కింద రెండు అంతస్తులు షాపులు, వాటి మీద ఆఫీసులు, ఆపైన ఇళ్లు, అదీ ఊరి నడిబొడ్డున. నీ డెంటల్ క్లినిక్‌కి ఇంతకన్నా మంచి చోటు దొరకదని రాశావు. నిజమే కావచ్చు. పైన కాపురం ఉండేవాళ్లు నీ దగ్గరికే వస్తారు, రోడ్డున పోయేవాళ్ల కంట బోర్డు పడుతుంది. నేను వద్దనడం లేదు. కానీ వచ్చే వారం అడ్వాన్సు ఇచ్చేస్తున్నానన్నావే, అక్కడ మాత్రం కాస్త ఆగు.

కట్టిన షాపయితే మనం వెళ్లి చూస్తాం. కుళాయి తిప్పుతాం, గోడ మీద చెమ్మ ఉందేమో చేత్తో తడుముతాం, సాయంత్రం ఆరింటికి గుమ్మంలో నిలబడి ఎంతమంది అటు నడుస్తున్నారో చూస్తాం. లేని షాపుకి ఆ అవకాశం లేదు. దానికి ఉన్న ఆధారమల్లా అగ్రిమెంటు, దానికి జతచేసిన డ్రాయింగులు. అందులో లేనిది రేపు అక్కడా ఉండదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి.

నా రెండో కళ్లద్దాల షాపు ఇలాగే పునాదుల దశలో మాట్లాడుకున్నాను. వాళ్లిచ్చిన ప్లానులో షాపు ముందు భాగాన పెసరగింజంత నల్ల చదరం ఒకటి ఉంది. అదేమిటని అడగాలని కూడా నాకు తోచలేదు. బిల్డింగు లేచాక వెళ్లి చూస్తే అది పిల్లరు. రెండడుగుల మందం, సరిగ్గా నా షోకేసు రావాల్సిన చోట. రోడ్డు మీంచి చూస్తే సగం షాపు దాని చాటునే ఉంది. పై అంతస్తులన్నీ మోసే పిల్లరుని ఎవరు మాత్రం కదుపుతారు? ఇళ్లూ షాపులూ కలిసిన బిల్డింగుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. పైన ఇళ్ల గదులకు కుదిరేలా పిల్లర్లు వేసుకుంటారు, అవే తిన్నగా కిందికి దిగి షాపు మధ్యలో నిలబడతాయి. పైవాళ్ల బాత్‌రూముల పైపులదీ అదే దారి. అవి కింద షాపు సీలింగులోంచి పోతుంటాయి, ఎప్పుడైనా కారితే కింద ఉన్నది నువ్వు.

అందుకని బ్రోచరులోని రంగుల బొమ్మను పక్కన పెట్టి స్ట్రక్చరల్ డ్రాయింగు అడుగు, ప్లంబింగు డ్రాయింగు కూడా అడుగు. పిల్లర్లు ఎక్కడ, బీముల కింద మిగిలే ఎత్తెంత, పై పైపులు ఏ మూలనుంచి దిగుతున్నాయి, ఇవన్నీ వాటిలో ఉంటాయి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు పెట్టే చోటు ఏదో విడిగా అడుగు. చదవడం రాకపోతే నీకు తెలిసిన ఇంజనీరుకి ఫీజిచ్చి చూపించు. బిల్డరు ఇంజనీరుకి కాదు, నీ ఇంజనీరుకి.

కట్టకముందే తీసుకోవడంలో ఒక పెద్ద లాభం ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు. కాంక్రీటు పోసేదాకా మార్పులు పెన్సిలుతో అయిపోతాయి. పోశాక ప్రతి మార్పుకీ డ్రిల్లింగు మిషను కావాలి. నీ వృత్తిలో ఇది మరీ ముఖ్యం. ఒక్కో డెంటల్ చైరుకి నీళ్లు, డ్రైనేజి, సక్షను, గాలి లైను, కరెంటు అన్నీ నేల అడుగునుంచే రావాలి కదా. నీ క్లినిక్ మొదటి అంతస్తులో. అంటే నీ నేల కింద ఇంకొకరి షాపు సీలింగు. డ్రైనేజి పైపుకి వాలు కావాలి, ఆ వాలుకి లోతు కావాలి. ఆ లోతు ముందే అడిగితే నీ భాగం వరకు స్లాబు కాస్త దించి పోస్తారు, సన్‌కెన్ స్లాబంటారే, అది. అడగకపోతే నువ్వు నీ నేలను నాలుగైదంగుళాలు ఎత్తుకోవాలి, అప్పుడు గుమ్మంలో ఒక మెట్టు వస్తుంది. మోకాళ్ల నొప్పులతో కట్టుడు పళ్ల కోసం వచ్చే పెద్దవాళ్లకు ఆ ఒక్క మెట్టు ఎంత కష్టమో నాకిప్పుడు బాగా తెలుసు.

ఇంకొకటి. స్లాబు పోస్ట్ టెన్షన్ పద్ధతిలో వేస్తున్నారా అని అడుగు. అలాంటి స్లాబులో బలమైన స్టీలు తీగలు బిగించి ఉంచుతారు. తర్వాత ఎక్కడ పడితే అక్కడ రంధ్రం చెయ్యనివ్వరు, చెయ్యకూడదు కూడా. తీగ తెగితే స్లాబుకే ముప్పు. పైపులకు కావలసిన రంధ్రాలు పోసేటప్పుడే వదలాలి. నీ చైర్లు ఎక్కడెక్కడ వస్తాయో ఇప్పుడే లేఅవుటు గీయించి, దాన్ని అగ్రిమెంటుకి జత చేయించు. ఎక్స్‌రే గదీ అందులోనే చూపించు. కరెంటు లోడు ఎన్ని కిలోవాట్లు, త్రీ ఫేజా, కరెంటు పోతే జనరేటరు నీ కంప్రెసరును కూడా మోస్తుందా లేక వరండా లైట్లేనా, ఇవన్నీ అంకెలతో రాయించు. “తగినంత” అన్న మాట అగ్రిమెంటులో ఎక్కడ కనబడినా కొట్టించి అంకె వేయించు.

ఇక తేదీల సంగతి. నన్ను ఎక్కువ కాల్చింది ఇదే. “పద్దెనిమిది నెలల్లో అప్పగిస్తాం” అన్నారు. ఏ రోజు నుంచి లెక్క? నేను సంతకం పెట్టిన రోజు నుంచనుకున్నాను. కాగితంలో మాత్రం “అన్ని అనుమతులూ వచ్చిన నాటి నుంచి” అని ఉంది. ఆ అనుమతుల్లో చివరిది రావడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నా డిపాజిట్టు వాళ్ల దగ్గర, నేను పాత షాపులో నెలనెలా బతిమాలుకుంటూ. కాబట్టి కేలండరు తేదీ రాయించు. దాని తర్వాత ఇంకో తేదీ కూడా రాయించు. ఆ రోజుకీ అప్పగించకపోతే నువ్వు తప్పుకోవచ్చు, నీ డబ్బు వడ్డీతో వెనక్కి రావాలి. ఆ రెండో తేదీ లేకుండా సంతకం పెట్టకు తల్లీ. ఎన్ని సర్దుబాట్లయినా చేసుకో, ఇందులో వద్దు.

అద్దె ఎప్పుడు మొదలవుతుందన్నది దానికి ముడిపడి ఉంటుంది. తాళం చెవి చేతికిచ్చిన రోజు నుంచి అంటారు. తాళం ఇచ్చినంత మాత్రాన క్లినిక్ తెరవలేవు. బిల్డింగు వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రావాలి, కరెంటు మీటరు బిగించాలి, నీళ్లు రావాలి, లిఫ్టు తిరగాలి. వీటిలో ఏది ఆఖరున పూర్తయితే అక్కణ్ణుంచి నీ ఇంటీరియరు పనికి కొన్ని వారాలు అద్దె లేకుండా, ఆ తర్వాత అద్దె. రెండు మూడు నెలల రెంట్ ఫ్రీ అడగడం తప్పేమీ కాదు. చైర్లు బిగించడానికే నీకు అంత పడుతుంది.

ఇంకో మాట, దీన్ని ఎవరూ చెప్పరు. ఇలాంటి బిల్డింగుల్లో కింద షాపులు ముందు అప్పగించి, పైన ఇళ్ల పని సాగిస్తూనే ఉంటారు. నేను షాపు తెరిచాక దాదాపు పది నెలలు పైన మార్బుల్ కోస్తూనే ఉన్నారు. రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే ట్రేలలోని ప్రతి కళ్లద్దం మీదా తెల్లటి పొడి. మెత్తటి గుడ్డతో తుడిస్తే గీతలు పడేవి, నీళ్లతో కడగాల్సి వచ్చేది. రెండు వందల ఫ్రేములు ఒక్కొక్కటీ కడిగి ఆరబెట్టేసరికి పదకొండయ్యేది. ముందు వైపు పరంజా కట్టి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు, నా బోర్డు దాని వెనకాల. ఆ పది నెలలూ పూర్తి అద్దే కట్టాను. నీ క్లినిక్‌లో ఆ దుమ్ము అసలే కుదరదు. పైన పని అయ్యేదాకా, లేదా ఇళ్లలో సగానికి పైగా జనం వచ్చి చేరేదాకా సగం అద్దె అని అడుగు. ఖాళీ బిల్డింగు కింద క్లినిక్‌కి పేషెంట్లు ఎక్కణ్ణుంచి వస్తారు? వాళ్లకూ తెలుసు ఆ సంగతి, అందుకే గట్టిగా అడిగితే ఎంతో కొంత ఒప్పుకుంటారు.

లెక్కల దగ్గరికి వద్దాం. నీకు వెయ్యి అడుగులన్నారు. అందరూ వాడే చోట్లలో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్పా, గోడల లోపల మనం వాడుకునే కార్పెట్ ఏరియానా? నువ్వు పంపిన ప్లాను మీద స్కేలు పెట్టి కొలిస్తే లోపలి చోటు 620 అడుగులకు మించి నాకు తేలలేదు. అంటే అడుగుకి వంద రూపాయల అద్దె అని వాళ్లు చెబుతున్నది, నీ చైరు పెట్టుకునే అడుగుకి చూస్తే 161 అవుతోంది. మిగతాది వరండాలో, లిఫ్టు గుంటలో, మెట్లలో నీ వాటా. ఇది మోసమని కాదు, చాలాచోట్ల ఉన్న పద్ధతే. ఈ కొలతల తగాదా ఎంత పాతదంటే, అమెరికాలో బిల్డింగు ఓనర్ల సంఘం బోమా 1915లోనే ఆఫీసు స్థలం ఎలా కొలవాలో ఒక పద్ధతి రాసి పెట్టింది. నువ్వు రెండు బిల్డింగులు పోల్చేటప్పుడు మాత్రం కార్పెట్ ఏరియా మీదే పోల్చు. కట్టాక మళ్లీ కొలవాలి, తగ్గితే అద్దె తగ్గాలి అని కూడా రాయించు.

అద్దె పెంపు రెండు రకాలుగా చెబుతారు. ఏడాదికి 5 శాతం, లేదా మూడేళ్లకోసారి 15 శాతం. వినడానికి రెండూ ఒకటే. కాగితం మీద వేసి చూశాను. తొమ్మిదేళ్లలో ఏటా 5 శాతం పద్ధతిలో, మొదటి ఏడాది అద్దె లెక్కన, ఏడు నెలల అద్దె ఎక్కువ కడతావు. మూడేళ్ల పద్ధతే అడుగు.

మెయింటెనెన్స్ చార్జీల దగ్గర ఇళ్ల ఖర్చు నీ నెత్తిన పడకుండా చూసుకో. పైవాళ్ల స్విమ్మింగ్ పూలు, వాళ్ల జిమ్ము, వాళ్ల లిఫ్టులు, వాటికీ నీకూ సంబంధం లేదు. షాపుల ఖర్చు వేరే, ఇళ్ల ఖర్చు వేరే లెక్క రాయాలి, ఏడాదికోసారి ఆ లెక్క చూసే హక్కు నీకుండాలి. పెంపుకి ఒక హద్దు కూడా ఉంటే మంచిది.

ఇళ్లవాళ్లు వచ్చాక వాళ్లకో సంఘం ఏర్పడుతుంది. అప్పటికి బిల్డరు వెళ్లిపోతాడు. ఆయన నోటితో ఇచ్చిన మాటలన్నీ ఆయనతోపాటే పోతాయి. నా కస్టమర్లను గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి “ఏ ఫ్లాటు?” అని అడిగేవాడు. షాపుకని చెబితే బండి బయట పెట్టమనేవాడు. పార్కింగు ఎన్ని బండ్లకు, ఏ నంబర్లు, ఏ గేటులోంచి, రాత్రి ఎనిమిది దాకా నడపొచ్చా, ఆదివారం లిఫ్టు వేస్తారా, బోర్డు ఎంత సైజు, ముందు గోడ మీద ఏ చోట, ఇవన్నీ డ్రాయింగు మీద గుర్తుపెట్టి, రేపు వచ్చే సంఘానికి కూడా వర్తిస్తుందని రాయించుకో. ఆ బిల్డింగులో ఇంకో డెంటల్ క్లినిక్‌కి ఇవ్వకూడదని కూడా. షాపులకే కాదు, పైన ఆఫీసుల అంతస్తులకీ వర్తించాలి.

ఎవరు సంతకం పెడుతున్నారో చూడు. ఆ భాగం బిల్డరుదా, స్థలం ఓనరు వాటాలోదా, లేక ఎవరో పెట్టుబడికి కొనుక్కున్నారా? బ్యాంకు అప్పు మీద కడుతుంటే ఆ బ్యాంకు కూడా, రేపు బిల్డింగు తమ చేతికొచ్చినా నీ లీజును గౌరవిస్తామని రాసివ్వాలి. క్లినిక్ నడపడానికి ఆ భాగానికి పర్మిషన్ ఉందో లేదో కార్పొరేషనులో లాయరు చేత కనుక్కో. లీజు రిజిస్టరు చేయించు.

లాకిన్ గురించి రాయకపోతే నిద్రపట్టదు. మూడేళ్లు నువ్వు కదలకూడదంటారు. ఒప్పుకో, కానీ వాళ్లూ తొమ్మిదేళ్లు నిన్ను కదపకూడదు. నేలలో పైపులు పాతుకున్నదానివి, ఇంకో చోటికి మారమంటే సామాను ఎత్తుకుపోయే పని కాదు. “అవసరాన్నిబట్టి వేరే యూనిట్టుకి మార్చవచ్చు” అన్న వాక్యం ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది. వెతికి కొట్టించు. 2020లో అందరి షాపులూ మూతపడ్డప్పుడు అద్దె సంగతేమిటో చాలామంది అగ్రిమెంట్లలో ఒక్క ముక్క కూడా లేదు. ప్రభుత్వమే మూయిస్తే అద్దె ఆగుతుందా, సగమవుతుందా అన్నది ఒక లైను రాయించడం కష్టమేమీ కాదు. రేపు నువ్వు క్లినిక్ ఇంకో డాక్టరుకి అప్పగించాలనుకుంటే లీజు వాళ్ల పేరుకి మారాలి. అదీ ఇప్పుడే.

వాళ్లు తొందరపెడతారు. “ఇంకో పార్టీ అడుగుతోంది మేడం” అంటారు. నిజంగానే అడుగుతోందేమో, పోనీ. నీ చేతిలో డబ్బున్నంతవరకే వాళ్లు నీ ఫోను ఎత్తుతారు. టోకెను ఇవ్వక తప్పదనుకుంటే చిన్న మొత్తమే ఇచ్చి, అగ్రిమెంటు కుదరకపోతే తిరిగి ఇచ్చేస్తామని ఒక ఉత్తరం తీసుకో.

ఆదివారం మధ్యాహ్నం రా. వచ్చేటప్పుడు స్ట్రక్చరల్ డ్రాయింగు, ప్లంబింగు డ్రాయింగు, అగ్రిమెంటు డ్రాఫ్టు మూడూ తీసుకురా. ఫోనులో కాదు, పెద్ద కాగితం మీద ప్రింటు తీయించు, నల్ల చదరాలు నా కళ్లకు ఫోనులో ఆనవు. నీ చైర్లను కాగితం ముక్కలుగా కత్తిరించుకొస్తే ప్లాను మీద పెట్టి చూద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ