సీనియర్ పిచర్‌ని ఇచ్చేసి కుర్రాళ్లను తెచ్చుకుంటే ఫ్యాన్స్‌కి అంత బాధెందుకు?

మీ ప్రశ్న ఇది: డెట్రాయిట్‌కి కొత్తగా వచ్చారు, ఇక్కడి బేస్‌బాల్ టీమ్ టైగర్స్ తమ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) తారిక్ స్కూబల్‌ని ట్రేడ్ చేయాలా, అంటే వేరే టీమ్‌కి ఇచ్చి బదులు ఆటగాళ్లను తెచ్చుకోవాలా, వద్దా అని ఆఫీసులో లంచ్ టైమ్‌లో రోజూ వాదన. ఒక్క పిచర్‌ని ఇస్తే ముగ్గురు నలుగురు కుర్రాళ్లు వస్తున్నప్పుడు లాభసాటి బేరమే కదా, పెద్దపెద్దవాళ్లు కూడా ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెడతారెందుకు?

నేను 2009 నుంచి ఇక్కడే, నోవైలో ఉంటున్నాను. స్కూబల్ సంగతి తర్వాత చూద్దాం. మీరు చూస్తున్న ఆ మొహాల వెనక ఉన్నది 2017 ఆగస్టు 31. ఆ రాత్రి జస్టిన్ వెర్లాండర్‌ని హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి ఇచ్చేశారు. ఆ కథ తెలియకుండా లంచ్ టేబుల్ దగ్గర నోరు విప్పకండి. నేను విప్పి భంగపడ్డాను.

వెర్లాండర్‌ని టైగర్స్ 2004 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రెండో నంబర్‌గా తీసుకున్నారు. 2006లో రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే కొత్తవాళ్లలో ఉత్తముడు, ఆ ఏడే టీమ్ వరల్డ్ సిరీస్ దాకా, అంటే ఫైనల్ దాకా, వెళ్లింది. 2011లో 24 గెలుపులు, 5 ఓటములు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, పైగా పిచర్లకు ఎప్పుడో గానీ ఇవ్వని ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) కూడా. నేను మొదటిసారి టైగర్స్ స్టేడియం కొమెరికా పార్క్‌లో అడుగుపెట్టింది ఆ ఏడే. నిజం చెప్పాలంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. క్రికెట్ కళ్లకి వరసబెట్టి ఫుల్‌టాస్‌లు వేస్తున్నట్టే ఉంది. పక్కన కూర్చున్న కొలీగ్, బంతిని చూడకు, బోర్డు మీద స్పీడు చూడు అన్నాడు. మామూలుగా ఆట సాగేకొద్దీ పిచర్ అలసిపోతాడు, స్పీడు తగ్గుతుంది. ఈయన మొదట్లో గంటకి 93, 94 మైళ్లు వేసుకుంటూ వచ్చి, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో అందరూ అలసిపోయే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 99 వేశాడు. ఆ అంకె పడగానే స్టేడియం మొత్తం ఒక్కసారి "హో" అంది. ఇంటికొస్తూ దారిలో మా చిన్నోడికి 35 నంబర్ జెర్సీ కొన్నాను. అప్పటికి వాడికి నాలుగేళ్లు, అది మోకాళ్ల దాకా వేలాడేది.

ఇక 2017. టీమ్ ఓనర్ మైక్ ఇలిచ్, లిటిల్ సీజర్స్ పిజ్జా పెట్టినాయన, ఆ ఫిబ్రవరిలో చనిపోయారు. ఒక్క టైటిల్ కోసం డబ్బు లెక్కచేయకుండా పోసిన మనిషి. ఆయన పోయాక ఖర్చు తగ్గించుకుని కొత్తగా మొదలుపెడదామనుకున్నారు. జులైలో జె.డి. మార్టినెజ్ అనే బ్యాటర్‌ని వేరే టీమ్‌కి ఇచ్చేశారు. ఆగస్టు 31న ఒకే రోజు ఇంకో బ్యాటర్ జస్టిన్ అప్టన్‌ని, వెర్లాండర్‌ని ఇద్దరినీ ఇచ్చేశారు. ప్లేఆఫ్స్‌లో, అంటే అక్టోబర్‌లో టైటిల్ కోసం జరిగే నాకౌట్లలో, ఆడాలంటే ఆ అర్ధరాత్రి లోపు కొత్త టీమ్‌లో ఉండాలి. పదేళ్లు లీగ్‌లో, అందులో చివరి ఐదేళ్లు ఒకే టీమ్‌లో ఆడినవాడికి ట్రేడ్‌ని కాదనే హక్కుంటుంది. అంటే వెర్లాండర్ సరే అనాలి. ఆయన చివరి నిమిషాల దాకా తేల్చుకోలేదు. గడువుకి సెకన్లు మిగిలుండగా పని పూర్తయిందని తర్వాత తెలిసింది.

మాకు మాత్రం ఆ రాత్రి మొదట తెలిసింది హ్యూస్టన్ నుంచే. మా బావమరిది అక్కడే ఉంటాడు. హార్వీ తుఫానుకి వాళ్ల కింది గదుల్లో మోకాలి లోతు నీళ్లొచ్చి, పిల్లల్ని తీసుకుని ఫ్రెండ్ ఇంట్లో ఉన్నాడు. అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగితే మా ఆవిడ భయపడిపోయింది. వాడేమో, "బావా, మీ పిచర్ మాకొచ్చేశాడు!" అని అరుస్తున్నాడు. కార్పెట్లు పీకి బయట పడేసిన మనిషి ఆ వారంలో మొదటిసారి నవ్వడం విన్నాను. తిట్టబుద్ధి కాలేదు.

మర్నాడు శుక్రవారం. కాఫీ మెషీన్ దగ్గర మా టీమ్‌లో పెద్దాయన ఒకరు 35 నంబర్ జెర్సీ వేసుకుని నిలబడి ఉన్నారు. నేను మీరన్నట్టే లెక్క చెప్పాను. వెర్లాండర్‌కి 34 ఏళ్లు, ఇంకా రెండేళ్లు ఏడాదికి 2.8 కోట్ల డాలర్ల జీతం, బదులుగా ముగ్గురు కుర్రాళ్లు, గుడ్ డీల్ అని. ఆయన వాదించలేదు. కప్పు తీసుకుని సీట్లోకి వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. లంచ్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

లంచ్‌లో ఆయనే వచ్చి కూర్చుని 1987 సంగతి చెప్పారు. ఆ ఆగస్టులో టైగర్స్ పని ఇప్పటికి తలకిందులు. గెలుపు కావాలి కాబట్టి ఒక కుర్రాడిని అట్లాంటాకి ఇచ్చి, డాయిల్ అలెగ్జాండర్ అనే 36 ఏళ్ల పిచర్‌ని తెచ్చుకున్నారు. అలెగ్జాండర్ వచ్చి 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. తమ డివిజన్‌లో (లీగ్‌లో ఒక గ్రూపు లాంటిది) మొదటి స్థానం, ఊరంతా పండగ. ఇచ్చేసిన కుర్రాడి గురించి పట్టించుకున్నవాడు లేడు. వాడి పేరు జాన్ స్మోల్ట్జ్. ఇదే మిషిగన్‌లో పుట్టి పెరిగినవాడు. అట్లాంటాకి రెండు దశాబ్దాలు ఆడి 2015లో దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. "కుర్రాళ్లంటే మాకు తెలుసు. ఒకసారి ఇచ్చి చూశాం. ఇప్పుడు తెచ్చుకుని చూస్తాం" అన్నారాయన. ఆ తర్వాత అన్నదే నాకు గుర్తుండిపోయింది: "వెర్లాండర్‌ని అమ్మారంటే, ఇంకో ఐదారేళ్లు అక్టోబర్‌లో ప్లేఆఫ్స్ చూసే ప్లాన్లేవీ పెట్టుకోవద్దని మాకు ఉత్తరం రాసినట్టు." ఆయనకి అప్పుడు 61 ఏళ్లు. ఆయన ఆ లెక్క చెప్పలేదు, నేనే వేసుకున్నాను.

మీరు బేరం అన్నారు చూడండి, అక్కడే తేడా వస్తోంది. ఆఫీసులో వాళ్లు లెక్కలు రాక ఏడవడం లేదు. స్టార్‌ని ఇచ్చి, ఇంకా ఏళ్ల తర్వాత గానీ ఆడని కుర్రాళ్లను తెచ్చుకోవడం మనకి ఐపీఎల్‌లో లేదు కాబట్టి వెంటనే ఎక్కదు. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ని సన్‌రైజర్స్ 2021లో కెప్టెన్సీ నుంచి దించి, ఆ తర్వాత వదిలేసినప్పుడు హైదరాబాద్‌లో ఎంత గొడవైందో గుర్తుందిగా. కానీ అక్కడ మూడు నెలల్లో వేలం జరుగుతుంది, వచ్చే ఏడాది మళ్లీ గెలవొచ్చు. ఇక్కడ వచ్చేవాళ్లకి పంతొమ్మిది, ఇరవై ఏళ్లు. సింగిల్ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అంటూ చిన్న ఊళ్ల టీముల్లో మెట్టుమెట్టుగా ఎక్కాలి. పైన ఉండే మేజర్ లీగ్‌కి వస్తే ఆరేళ్లపాటు తక్కువ జీతానికి టీమ్ చేతిలో ఉంటారు, యాజమాన్యానికి ముద్దు అందుకే. చాలామంది రానే రారు. అరచేతిలో వైకుంఠం అంటాం కదా, ఇలాంటి కుర్రాళ్లని ఇక్కడ ప్రాస్పెక్ట్ అంటారు, ఆ మాటకి నాకు తెలిసిన తెలుగు అదే.

ఆ ముగ్గురూ ఏమయ్యారో చెప్తాను. ఫ్రాంక్లిన్ పెరెజ్, 19 ఏళ్ల పిచర్, ముగ్గురిలో ఎక్కువ ఆశలు వీడి మీదే. గాయాల మీద గాయాలు, భుజం ఆపరేషన్, మేజర్ లీగ్‌లో ఒక్క బంతి వేయలేదు. డాజ్ కామెరన్, ఒకప్పటి ఆటగాడు మైక్ కామెరన్ కొడుకు, 2020లో పైకొచ్చాడు, నిలదొక్కుకోలేక 2022తో వెళ్లిపోయాడు. మూడోవాడు జేక్ రోజర్స్, క్యాచర్. మన వికెట్ కీపర్ లాంటివాడే, కాకపోతే పని పదింతలు.

రోజర్స్‌ని నేను 2019 జూన్‌లో టొలీడోలో చూశాను. టైగర్స్ ట్రిపుల్ ఏ టీమ్ మడ్ హెన్స్ అక్కడే ఆడుతుంది, ఇక్కడి నుంచి గంట డ్రైవ్. చవక టికెట్, కంచె పక్కనే సీటు. మొదటి బేస్ మీదున్నవాడు దొంగ పరుగుకి, అంటే పిచర్ బంతి వేస్తుండగానే రెండో బేస్ చేరడానికి, బయల్దేరాడు. రోజర్స్ గొంతుక్కూర్చున్నవాడు లేవడం, చేయి చెవి పక్క నుంచి రావడం నేను చూడలేదు. బంతి రెండో బేస్ దగ్గర గ్లవ్‌లో పడ్డ టప్ మాత్రం వినిపించింది. రన్నర్ ఇంకా రెండడుగుల అవతల ఉన్నాడు. మా వాడు "నాన్నా, మళ్లీ!" అన్నాడు. అదేమైనా టీవీనా, మళ్లీ వేయడానికి. తిరిగొచ్చేటప్పుడు వాడు అడిగాడు, "వెర్లాండర్‌కి బదులు వచ్చింది ఇతనేనా?" అని. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "ఒక్క త్రో బాగుంది" అన్నాడు. పన్నెండేళ్లవాడి తీర్పు, ఇప్పటికీ దాన్ని మించిన విశ్లేషణ నేను చదవలేదు.

ఆ ఏడు టైగర్స్ 47 గెలిచి 114 ఓడారు. అదే ఏడు వెర్లాండర్ హ్యూస్టన్‌లో మళ్లీ సై యంగ్ గెలిచాడు. 2022లో, మోచేయి సర్జరీ తర్వాత, 39 ఏళ్ల వయసులో ఇంకోటి. అసలు వెళ్లిన ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచాడు. (ఎదుటి టీమ్ సైగలు దొంగతనంగా చూసి ఆడారన్న మచ్చ ఆ టైటిల్‌కి తర్వాత అంటుకుంది, అది వేరే గొడవ.) విచిత్రం ఏంటంటే, ఆ సిరీస్‌లో మా ఆఫీసు సగం హ్యూస్టన్ గెలవాలని కోరుకుంది. పెద్దాయన కూడా. 2018 సెప్టెంబర్‌లో వెర్లాండర్ ఆస్ట్రోస్ డ్రెస్‌లో కొమెరికాకి వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంకో టీమ్ పిచర్‌కి. మనవాళ్లకి చెప్తే నమ్మరు.

మరి బేరం నష్టమేనా? వచ్చిన ముగ్గురినీ తూకం వేస్తే నష్టమే, అందులో మొహమాటం లేదు. పైగా జీతంలో ఏటా 80 లక్షల డాలర్లు టైగర్సే కట్టారు. కానీ వెర్లాండర్ ఉండిపోయి ఉంటే ఏమయ్యేది? గెలవని టీమ్‌లో ఆయన ఆఖరి మంచి ఏళ్లు కరిగిపోయేవి. అందుకే నేను ఆ ట్రేడ్‌ని తప్పనను. తప్పేదైనా ఉంటే, ముసలి టీమ్‌కి పెద్ద జీతాలు పోసుకుంటూ వచ్చిన అంతకుముందు ఐదేళ్లలో ఉంది.

2024 అక్టోబర్ మొదట్లో టైగర్స్ పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. ఎవరితో? హ్యూస్టన్‌తో, హ్యూస్టన్‌లోనే. స్కూబల్ ఆరు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వలేదు. ఎదురుగా కూర్చుని ఆ బంతులు పట్టింది జేక్ రోజర్స్. వెర్లాండర్ అప్పుడు ఆస్ట్రోస్‌లోనే ఉన్నా ఆ సిరీస్ జట్టులోకి తీసుకోలేదు. రెండు ఆటల్లోనే టైగర్స్ సిరీస్ గెలిచేశారు. ఈసారి ఫోన్ నేను చేశాను. బావమరిది ఎత్తలేదు. ఎత్తడని తెలిసే మూడుసార్లు చేశాను.

ఇక స్కూబల్. ఇవ్వాలా వద్దా అని నన్నడిగితే, టీమ్ గెలుస్తున్న ఏడు ఇవ్వకూడదు, అక్టోబర్లు ఊరికే రావు. ఒకవేళ ఇచ్చేశారే అనుకోండి, మర్నాడు కాఫీ మెషీన్ దగ్గర "గుడ్ డీల్" అనకండి. ఒక వారం ఆగి, వచ్చిన కుర్రాళ్లలో టొలీడోకి వచ్చినవాడెవరో కనుక్కుని, ఆ పెద్దవాళ్లలో ఒకరిని మీ కారులో ఎక్కించుకుని తీసుకెళ్లండి. సీట్లు నీడపడే వైపు చూసి తీసుకోండి, సాయంత్రం ఆటకి రెండో వైపు ఎండ కళ్లలో పడుతుంది.