యూనివర్సిటీలో లేకుండా సోషియాలజీ రాస్తే ఏం ఒరుగుతుంది?

"యూనివర్సిటీ ఉద్యోగం లేకుండా, ఎవరూ పైసా ఇవ్వకుండా ఏళ్ల తరబడి సోషియాలజీ రాసేవాళ్లకు ఏం ఒరుగుతుంది?" అని ఒకరు నన్ను అడిగారు. ఈ నెలతో నాకు ఆ పనిలో ఇంకో ఏడాది నిండింది కాబట్టి చెప్తున్నా. డబ్బు ఒరగదు. పేరూ అంతంతమాత్రమే. మరి ఒరిగేదేంటో ఒక ఉదాహరణతో చెప్తాను.

2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగింది కదా. మా అపార్ట్‌మెంట్‌కి ఒక టీచరమ్మ వచ్చింది. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి ఈ డ్యూటీ. మా ఓనర్ ఆవిణ్ని గుమ్మంలోనే నిలబెట్టి, "ఈ కాలంలో కూడా కులమేంటమ్మా? మేం ఎప్పుడో మర్చిపోయాం" అని క్లాసు పీకారు. ఇదే పెద్దమనిషి మాకు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడ్వాన్స్ మాట ఎత్తకముందే ఇంటిపేరు అడిగారు. దాంతో తేలకపోయేసరికి, "ఏమనుకోకండి, ఇంతకీ మీరెవరు?" అన్నారు. నేను ఏం రాసినా చదివినవాళ్లు మొదట అడిగేదీ అదే ప్రశ్న, అది వేరే గోల.

టీచరమ్మ మా ఇంట్లో కూర్చుని టీ తాగింది. "కులం దాచేవాళ్లు తక్కువేనండీ. ఆదాయం ఎంత, భూమి ఎంత, కారుందా అంటేనే ముఖాలు మారిపోతున్నాయి. బస్తీలో అయితే రేషన్ కార్డు తీసేస్తారేమోనని ఒకటే టెన్షన్" అంది. ఆ రాత్రే కూర్చుని అంతా రాసేశాను. పీహెచ్‌డీ గైడ్ సంతకం అక్కర్లేదు, పరిశోధన జర్నల్ వాళ్ల జవాబు కోసం ఏడాది కాచుకోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో లెక్కలొచ్చాయి. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అన్నారు, టీవీల్లో ఆ అంకె మీద కొట్టుకున్నారు. గుమ్మం దగ్గర జరిగిన మాటలు మాత్రం ఏ పట్టికలోకీ ఎక్కవు. వాటిని అక్కడ ఉన్నవాడే రాయాలి.

పెద్దవాళ్లు రాయలేదని కాదు. సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట వెళ్లి, ఆ ఊరి కులాలు, ఇళ్లు, పండగలు అన్నీ నమోదు చేశారు. 1955లో పుస్తకం వచ్చింది, ఇంగ్లిష్‌లో. ఇప్పుడు ఆ ఊరి పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు, ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఆ మార్పు గురించి తెలుగులో మనకు చేతికందేది ప్లాట్ల కరపత్రాలే!

ఇక తెలుగులో సోషియాలజీ అంటే గ్రూప్-2 మెటీరియల్. "సంస్కృతీకరణ భావనను ప్రతిపాదించినది ఎవరు?" అంటే ఎం.ఎన్. శ్రీనివాస్ అని మా బంధువుల కుర్రాడు ఠక్కున చెప్తాడు. కింది కులాలు హోదా పెంచుకోవడానికి పై కులాల ఆచారాలు పాటించడాన్నే సంస్కృతీకరణ అంటారు. తమ కులసంఘం ఈ మధ్య పెళ్లిళ్లలో మాంసం మానేసి పురోహితుణ్ని పిలవడం మొదలుపెట్టిందని కూడా వాడే గర్వంగా చెప్తాడు. రెండూ ఒకటేనని వాడికి తట్టదు. కోచింగ్ సెంటర్లు వేలకు వేలు ఫీజు గుంజి నేర్పేది ఇదీ.

మీకూ రాయాలనుంటే సిద్ధాంతాల జోలికి పోకండి. మీ అపార్ట్‌మెంట్‌లో పనమ్మాయిని ఏ లిఫ్ట్ ఎక్కనిస్తారు, వాచ్‌మన్ పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి, ఆ రూల్ ఎవరు పెట్టారు అని మీటింగ్ మినిట్స్ పుస్తకం అడిగి చూడండి. మా సెక్రటరీ గారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.