ఇంజన్ మార్చాక క్లచ్ పెడల్ సగం దాకా ఖాళీగా పోతోంది

ప్రశ్న: నా ట్రక్కు ఇంజన్ పాడవడంతో మరో ఇంజన్‌ను, దాని ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్‌లతో (క్లచ్ డిస్క్ వీటి మధ్యే నొక్కి ఉంటుంది) సహా బిగించాము, గేర్‌బాక్సు మాత్రం పాతదే. అప్పటినుంచి హైడ్రాలిక్ క్లచ్ పెడల్ సగం దాకా ఏ బరువూ లేకుండా దిగి, ఆ తర్వాత ఒక్కసారిగా గట్టిపడుతోంది. వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే కొంత పైకి వస్తోంది. రివర్స్ గేరు గరగరమంటూ పడుతోంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. నిన్నటిదాకా బాగా పనిచేసిన మాస్టర్ సిలిండర్ సరిగ్గా ఇప్పుడే చెడిపోకూడదని లేదు గాని, ముందు అనుమానించవలసింది మీరు విప్పి బిగించిన భాగాలనే.

ఇంజన్ ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, ఒకరు పెడల్‌ను మెల్లగా తొక్కుతుండగా మరొకరు గేర్‌బాక్సు దగ్గర ఆ ఆయిల్ ఒత్తిడిని అందుకునే స్లేవ్ సిలిండర్ పుష్ రాడ్ (దాని నుంచి బయటికి తోసుకొచ్చే కడ్డీ) పక్కన స్కేలు పెట్టి గమనించాలి. పెడల్ సగం దిగినా రాడ్ కదలకపోతే లోపం ఆయిల్ వైపు ఉన్నట్టు. రాడ్, అది తోసే ఫోర్క్ మొదటినుంచే తేలికగా కదిలి సగం దారిలో బరువెక్కితే, ఫోర్క్ ముందుకు తోసే రిలీజ్ బేరింగ్‌కూ అది నొక్కే ప్రెషర్ ప్లేట్ వేళ్లకూ (స్ప్రింగు రేకులకూ) మధ్య ఖాళీ పెరిగినట్టు.

తొక్కేకొద్దీ పెడల్ పైకి వస్తోందన్నారు కాబట్టి లైనులో గాలి ఉందనే నా మొదటి అనుమానం. స్లేవ్ సిలిండర్‌ను చూడండి: బ్లీడింగ్ నిపుల్ (లైనులోని గాలిని బయటికి వదిలే స్క్రూ) పైవైపుకు ఉండాలి. అది కిందికి తిరిగి ఉన్నా, కొత్త ఇంజన్ పక్కనుంచి హోస్‌ను తిప్పడంలో అది ఎక్కడైనా గూనిలా పైకి లేచినా, ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా ఆ ఎత్తులో గాలి నిలిచిపోతుంది. తర్వాత మాస్టర్ సిలిండర్ అవుట్‌లెట్‌ను సరిపోయే ప్లగ్‌తో మూసి పెడల్ తొక్కండి. వెంటనే రాయిలా ఆగి, అలాగే నొక్కి ఉంచినా దిగకుండా నిలిస్తే సిలిండర్ బాగున్నట్టే.

స్లేవ్ సిలిండర్ కూడా మార్చి ఉంటే దాని బోర్ (లోపలి వ్యాసం) కొలవండి. 19 మి.మీ. స్థానంలో 22 మి.మీ.ది పడితే పెడల్ తేలికవుతుంది గాని, పుష్ రాడ్ కదలిక దాదాపు నాలుగింట మూడు వంతులకు తగ్గి క్లచ్ పూర్తిగా విడవదు.

ఖాళీ బేరింగ్ వద్దే తేలితే గేర్‌బాక్సు దించక తప్పదు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గూడు) ముఖం నుంచి ప్రెషర్ ప్లేట్ వేళ్ల వరకు దూరం కొలిచి, పాత ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్‌లతో వచ్చే కొలతతో పోల్చండి. ఆ తేడాకు తగిన పొడవున్న రిలీజ్ బేరింగ్‌ గాని, తగిన ఎత్తున్న, ఫోర్క్ ఆనుకుని తిరిగే ఫోర్క్ పివట్‌ గాని వేయించాలి. పెద్ద ఖాళీని పుష్ రాడ్ పొడవు పెంచి పూడ్చడం నాకు సమ్మతం కాదు; ఫోర్క్ మొదటినుంచే ఏటవాలుగా నిలిచి, చివరి దాకా తోయలేకపోతుంది.