కాళేశ్వరరావు మార్కెట్‌కి పేరిచ్చిన ఆ కాళేశ్వరరావు ఎవరు?

విజయవాడ వన్‌టౌన్‌లో మార్కెట్‌కి ఎవరి పేరు పెట్టారు, ఆయన రాజకీయాల్లో ఏం చేశారు అని అడిగారు. ఆ మార్కెట్లో మా బాబాయికి ఉల్లిపాయల కొట్టు ఉండేది, కాబట్టి నేను చెప్పొచ్చు.

వేసవి సెలవుల్లో నన్ను కొట్లో కూర్చోబెట్టేవాళ్లు. ఒకరోజు "కాళేశ్వరరావు ఎవరు బాబాయ్?" అని అడిగితే, "మార్కెట్ ఓనరు అయ్యుంటాడ్లేరా, ముందా గోతాం విప్పు" అన్నాడు. అద్దె కట్టేది మునిసిపాలిటీకి, ఓనరు ఎవరో ఎలా అవుతాడని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత గ్రూప్-2 కోచింగ్‌లో ప్రాక్టీస్ పేపర్ ఇచ్చారు. "ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభాపతి ఎవరు?" అనే బిట్‌కి తప్పు పెట్టాను. కీలో "అయ్యదేవర కాళేశ్వరరావు" అని చూసి సిగ్గేసింది. రోజూ బస్సులో కండక్టర్ నోట వినే పేరే! ఆ కసితోనే ఆయన ఆత్మకథ 'నవ్యాంధ్రము - నా జీవిత కథ' పట్టుకుని చదివాను.

పుట్టింది నందిగామలో, వకీలుగా స్థిరపడింది బెజవాడలో. సహాయ నిరాకరణ రోజుల్లో ప్రాక్టీసు వదిలేశారు, జైలుకీ వెళ్లారు. బెజవాడ మునిసిపల్ చైర్మన్‌గా చేశారు. తెలుగులో శాస్త్రం, చరిత్ర పుస్తకాలు తేవాలని 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలిలో కొమర్రాజు లక్ష్మణరావుగారితో పాటు ఆయనా ఉన్నారు. ఫ్రెంచి విప్లవ చరిత్ర కూడా తెలుగులో రాశారు. మద్రాసు శాసనసభ సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను, అదొక పెద్ద కథ.

నాకు బాగా పట్టింది ఆ తర్వాతి భాగం. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంలో ఉండాలని విశాలాంధ్ర మహాసభ పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడు ఈయనే. 1955లో అప్పటి ఆంధ్ర రాష్ట్ర శాసనసభకి విజయవాడ దక్షిణం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, డిసెంబర్‌లో ఆయన స్పీకర్ అయ్యారు. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. అంటే, ఏ రాష్ట్రం కావాలని తిరిగారో ఆ రాష్ట్రపు మొదటి సభకే పెద్ద అయ్యారు.

కానీ ఆ కుర్చీ ఎక్కాక నోరు కట్టేసినట్టే కదా! స్పీకర్ చర్చలో దిగి వాదించకూడదు, ఓట్లు సరిసమానమైతే తప్ప ఓటు వేయకూడదు. ఎదురుగా ప్రతిపక్షంలో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు, ఆయన పార్టీవాళ్లు. విశాలాంధ్ర కావాలన్న విషయంలో వాళ్లూ ఈయనా ఒకే మాట మీద ఉన్నవాళ్లు. ఇప్పుడు వాళ్లకి మైకు ఇవ్వాలా, కూర్చోమనాలా అన్నది ఈయన చేతిలో. నాకైతే బయట ఉపన్యాసాలివ్వడం కన్నా ఇదే కష్టమనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. 1957లో తెలంగాణ ప్రాంతానికి మాత్రమే అసెంబ్లీ ఎన్నికలు జరిపారు. ఆంధ్ర వైపు 1955లో గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు. అందుకే ఒక్క గెలుపుతో అన్నేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. ముఖ్యమంత్రులు నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య మారినా స్పీకర్ ఈయనే. 1962 ఫిబ్రవరిలో పోయారు.

స్పీకర్లను జనం తొందరగా మర్చిపోతారు. పథకం పేరు ఉండదు, వాగ్దానం ఉండదు. ఈయన పేరు బతికిందంటే మార్కెట్ పుణ్యమే.

ఇదంతా బాబాయికి ఫోన్‌లో చెప్పాను. కాసేపు విని, "అంత పెద్దాయనా? మరి మనం ఇన్నాళ్లూ ఆయన్ని ఓనరుని చేశాం కదరా" అన్నాడు.