ఆఫ్రికాలో యువ జనాభా ఎక్కువ కదా, ఐసీయూలో చేరిన కోవిడ్ రోగులు అంతమంది ఎందుకు చనిపోయారు?

యువకులు ఎక్కువుంటే జబ్బు ముదిరేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. ముదిరి ఐసీయూ దాకా వచ్చాక మాత్రం లెక్క మారిపోతుంది. 2020 మే నుంచి డిసెంబరు దాకా 10 ఆఫ్రికా దేశాల్లోని 64 ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో ఐసీయూ స్థాయి వైద్యం అందినవాళ్లలో 48.2 శాతం మంది 30 రోజుల్లోపే చనిపోయారు. అప్పటి ప్రపంచ సగటు 31.5 శాతం.

పెద్ద వయసు, షుగర్, హెచ్ఐవీ, దీర్ఘకాలిక కిడ్నీ, లివర్ జబ్బులు ప్రాణాపాయాన్ని పెంచాయి. వనరులు లేక ఐసీయూలో ఆలస్యంగా చేర్చుకోవడమూ పెంచింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ చివరిదే, ఎందుకంటే ఇది రోగి ఒంట్లో ఉన్న జబ్బు కాదు.

ఆక్సిజన్ సంగతే చూడండి. జంబో సిలిండర్‌లో పట్టేది దాదాపు 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే 11 గంటల 40 నిమిషాల్లో ఖాళీ. అలాంటి రోగులు పదిమంది ఉంటే రోజుకు 21 సిలిండర్లు కావాలి. రాత్రి 9కి బిగించింది తెల్లారి 8:40కి, సరిగ్గా డ్యూటీ మారే హడావుడిలో అయిపోతుంది. ముక్కు గొట్టాలకు 5 లీటర్ల దాకా, మామూలు మాస్కుకు 6 నుంచి 10, సంచి మాస్కుకు 10 నుంచి 15 పెడతారు. ఊపిరి పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతుంటే ఫ్లో చాలడం లేదని అర్థం. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌లో రీడింగ్ 99 ఉన్నా ఫ్లో తగ్గించకపోతే పక్క మంచానికి అందాల్సింది వృథా అయినట్టే. నల్లటి చర్మం మీద ఆక్సీమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. 92 కనిపించినా మనిషి ఆయాసపడుతుంటే అంకెను నమ్మకండి.

డెక్సామెథాసోన్ చవకైన స్టెరాయిడ్ మందు. రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల పరీక్షలో వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలు 41 నుంచి 29 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మాత్రం లాభం కనబడలేదు. 2021లో మన దగ్గర బ్లాక్ ఫంగస్ అంతగా రావడానికి అదుపులో లేని షుగర్ మీద మితిమీరి వాడిన స్టెరాయిడ్లు ఒక ముఖ్య కారణం. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజు నుంచే గ్లూకోమీటరు మంచం పక్కన ఉండాలి.

ఆక్సిజన్ బాగా అందేలా రోగిని బోర్లా పడుకోబెట్టడానికి యంత్రం అక్కర్లేదు, మనుషులు కావాలి. వెంటిలేటర్ మీదున్న రోగిని తిప్పాలంటే తల దగ్గర గొట్టం కదలకుండా ఒకరు పట్టుకోవాలి, ఒంటికి ఇంకో నలుగురు. రాత్రిపూట ఒక్క నర్సే ఉన్న వార్డులో ఆ పని జరగదు.