ఆక్సిమీటర్‌లో 98 ఉంటే గడ్డలో ఆక్సిజన్ ఎందుకు లేదు?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మకి 61 ఏళ్ళు, అంగిట్లో క్యాన్సర్. రేడియేషన్, కీమో కలిపి ఇస్తున్నారు. గడ్డ లోపల ఆక్సిజన్ తక్కువగా ఉంది, అందుకే నెమ్మదిగా తగ్గుతోందని డాక్టర్ గారు అన్నారు. ఇంట్లో ఆక్సిమీటర్ పెడితే 98 చూపిస్తోంది. సిలిండర్ అద్దెకు తెచ్చి పెట్టమంటారా? అమ్మ ఇంకా చాటుగా అడ్డపొగ (నిప్పు నోట్లో పెట్టి చుట్ట) తాగుతోంది. ఆ టెన్షన్ వేరే.
– ఒక పాఠకురాలు

జవాబు: సిలిండర్ తేవద్దమ్మా. ఆక్సిమీటర్ చెప్పేది రక్తం సంగతి, డాక్టర్ గారు చెప్పింది గడ్డ సంగతి. గడ్డ ఎంత వేగంగా పెరుగుతుందో అంత వేగంగా దానికి రక్తనాళాలు ఏర్పడవు, ఏర్పడినవి కూడా వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. కాలువలో నిండా నీళ్ళున్నా శివారు పొలం ఎండినట్టే, నాళానికి దూరంగా ఉన్న కణాలకు ఆక్సిజన్ అందదు. ఆ దూరం కూడా ఎంతో కాదు. 1955లో థామ్లిన్సన్, గ్రే అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల గడ్డల ముక్కలను పరీక్షించి, 180 మైక్రాన్లు దాటితే, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు కూడా కాదు, కణాలు బతకలేవని చూపించారు. ఆ హద్దు దగ్గర చావకుండా మిగిలిన కణాలతోనే మన బాధంతా.

రేడియేషన్ కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ దెబ్బ స్థిరపడిపోతుంది, లేకపోతే కణం చాలావరకు బాగుచేసుకుంటుంది. అలాంటి కణాన్ని చంపడానికి మామూలు కంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. కీమో మందు కూడా అంత లోపలికి సరిగా చేరదు. రోజూ కొంచెం కొంచెంగా కరెంటు పెట్టడానికి ఒక కారణం ఇదే: పై కణాలు చచ్చేకొద్దీ లోపలి వాటికి ఆక్సిజన్ అందడం మొదలై, తర్వాతి సిట్టింగ్‌కి అవి దొరుకుతాయి. అందుకని పండగనీ పెళ్ళనీ సిట్టింగులు మానకండి. తల, మెడ క్యాన్సర్లలో ట్రీట్‌మెంట్ అనుకున్నదాని కంటే ఒక్క రోజు ఎక్కువ సాగినా జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుంది.

ఇక అడ్డపొగ. మన విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళు చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగడం, దానివల్ల అంగిట్లో క్యాన్సర్ రావడం వైద్యులకు ఎన్నో ఏళ్ళుగా తెలిసిందే. జబ్బు వచ్చేసింది కదా, ఇప్పుడు మానేసి ఏం లాభం అని అమ్మ అనుకోవచ్చు, లాభం చాలా ఉంది. చుట్ట పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌కి చోటివ్వదు, ఉన్న ఆక్సిజన్‌ని కూడా కణాలకు తేలిగ్గా వదలనివ్వదు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ హిమోగ్లోబిన్‌ని పట్టుకున్నది ఆక్సిజనో, కార్బన్ మోనాక్సైడో తేడా చెప్పలేదు, కాబట్టి చుట్ట తాగే మనిషికి 98 చూపించినా ఆ అంకెను పూర్తిగా నమ్మలేం. రేడియేషన్ జరిగే రోజుల్లో పొగ తాగేవాళ్ళకు ఫలితం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, డాక్టర్ గారి చేత చెప్పించండి. సిలిండర్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఇదే, ఆక్సిజన్ పక్కన చుట్ట వెలిగిస్తే ఇల్లే అంటుకుంటుంది.

రక్తం తక్కువగా ఉందేమో చూపించండి, కానీ రక్తం పెరగడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఎవరైనా చెబితే ముందు క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో తల, మెడ క్యాన్సర్ రోగులకు అది ఇస్తే హిమోగ్లోబిన్ పెరిగింది, జబ్బు మాత్రం ఇంకా ఎక్కువగా తిరగబెట్టింది. ఆక్సిజన్ లేని కణాలను రేడియేషన్‌కి లొంగదీసే నిమోరజోల్ అనే మాత్ర డెన్మార్క్‌లో వాడుతున్నారు, బ్రిటన్‌లో చేసిన పరీక్షలో అదనపు లాభం కనబడలేదు. దాని కోసం తిరగకండి. ఇప్పటికే కొన్ని సిట్టింగులు తప్పి ఉంటే, వాటిని ఎలా సర్దుతారో ఈ వారమే అడగండి.