సీలింగ్ పట్టీల అంచుకు టేపు ఊడకుండా అంటించడం

ప్రశ్న: మా ఇల్లు పై అంతస్తులో, నేరుగా స్లాబు కిందనే ఉంది. హాలులో ఫాల్స్ సీలింగుకు కాస్త కిందుగా, గోడ నుంచి నాలుగు అంగుళాలు ముందుకు వచ్చేలా చుట్టూ ప్లైవుడ్ పట్టీ బిగించి, రెండు వైపులా టేకు రంగు మైకా వేయించాము. పట్టీ మీద ఎల్‌ఈడీ స్ట్రిప్ లైటు పరిచి ఉంది. ముందు అంచుకు అంటించిన పీవీసీ టేపు ఈ ఎండాకాలంలో మూడు చోట్ల ఊడి వేలాడుతోంది. చిన్న పని కావడంతో వడ్రంగి రావడం లేదు. ఇస్త్రీ పెట్టెతో అంటించవచ్చని కొందరంటున్నారు. మేమే చేసుకోవచ్చా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. అయితే కొత్త జిగురు కొనే ముందు, ఊడిన టేపును కొద్దిగా వెనక్కి తిప్పి దాని లోపలి వైపును, అది వదిలేసిన ప్లైవుడ్ అంచును పగటి వెలుతురులో పక్కపక్కన పరీక్షించండి. ఎందుకు ఊడిందో అక్కడే తెలిసిపోతుంది. జిగురంతా టేపు మీదే ఉండి, దానికి సన్నని చెక్క పొట్టు అద్దినట్లు కనిపిస్తే, రంపంతో కోసిన అంచును తుడవకుండానే జిగురు రాశారని అర్థం. అలాంటప్పుడు జిగురు పట్టుకున్నది చెక్కను కాదు, చెక్క మీది దుమ్మును. జిగురంతా చెక్క మీదే నిలిచి టేపు వెనుక భాగం శుభ్రంగా ఉంటే, చెక్క పనికి వాడే తెల్ల ఫెవికాల్‌తో అంటించి ఉండవచ్చు. నీటితో తయారైన ఆ జిగురు చెక్కలోకి ఇంకి గట్టిపడుతుంది కానీ, నీటిని పీల్చుకోని పీవీసీని పట్టుకోలేదు. ఇక రెండు వైపులా జిగురు ఉండి, వేలితో తాకితే మెత్తగా సాగుతుంటే, అది వేడికి సడలిందన్నమాట. ఎండ తగిలే స్లాబు కింద, లైటు పక్కన ఉన్న అంచుకు ఇది సహజంగా వచ్చే ఇబ్బంది.

ఇస్త్రీ పెట్టె విషయంలో కొందరు చెప్పింది సగమే నిజం. వెనుక వైపు, వేడికి కరిగే జిగురు ముందుగానే పూసి అమ్మే వెనీర్ (పలుచని చెక్క పొర) టేపుకు, మెలమైన్ కాగితపు టేపుకు ఆ పద్ధతి చక్కగా పనికి వస్తుంది. ఆవిరి ఆపేసి, నూలు బట్టలకు పెట్టే వేడిలో, మధ్యలో పలుచని గుడ్డ వేసి నెమ్మదిగా జరుపుతూ, వెంటనే చెక్క ముక్కతో అదిమి, చల్లారేదాకా ఒత్తిడి వదలకుండా ఉండాలి. పీవీసీ మాత్రం ఇస్త్రీ వేడికి మెత్తబడి, కుదించుకుని, అలలు తేలుతుంది. పైగా ఏ వేడితో కరిగించి అంటించామో ఆ వేడికి దగ్గరగా వెళ్తే మళ్లీ సడలే జిగురును లైటు పక్కన వాడడం నాకు సమ్మతం కాదు. మీ పట్టీకి పీవీసీ టేపునే, వడ్రంగులు ఎస్‌ఆర్ అని పిలిచే పసుపు రంగు రబ్బరు జిగురుతో అంటించండి. అందులోనూ వేడిని తట్టుకునే రకం ఉందేమో దుకాణంలో అడిగి తీసుకోండి.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, లైటు స్ట్రిప్‌ను పట్టీ నుంచి విడదీయండి. పట్టీని స్క్రూలతో బిగించి ఉంటే, దానిని విప్పి కిందికి దించి బల్ల మీద పెట్టుకోవడం అన్ని విధాలా మేలు. స్టూలు మీద నిలబడి చేతులు పైకెత్తి చేసే పనిలో ఒత్తిడి సమానంగా పడదు, రాసిన జిగురు కళ్లలోకి కారుతుంది. దించే ముందు ఏ ముక్క ఏ గోడదో వెనుక పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

ఈ పనిలో అసలు శ్రమంతా అంచును సిద్ధం చేయడంలోనే ఉంది, తొందరపడకూడనిది కూడా అక్కడే. పాత టేపును పూర్తిగా లాగేయండి. ఊడని చోట జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో కాస్త వేడి చేస్తే వస్తుంది. మిగిలిన పాత జిగురును ఉలి అంచుతో గీకి, 120 నంబరు ఎమరీ కాగితాన్ని ఒక చదునైన చెక్క ముక్కకు చుట్టి అంచు పొడవునా రుద్దండి. కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దితే అంచు గుండ్రబడి, టేపు ఇరుపక్కలా గాలిలో నిలుస్తుంది. ప్లైవుడ్ పొరల మధ్య గుంటలు కనిపిస్తే సన్నని రంపపు పొట్టును ఫెవికాల్‌తో కలిపి ముద్ద చేసి నింపి, రాత్రంతా ఆరనిచ్చి మళ్లీ చదును చేయండి. ఆ గుంటలను వదిలేస్తే, పక్క నుంచి వెలుగు పడినప్పుడు ప్రతి గుంటా టేపు మీద సొట్టలా కనిపిస్తుంది. చివరగా అంచును బ్రష్‌తో దులిపి, పొడి గుడ్డతో తుడవండి. చేత్తో నిమిరినప్పుడు వేలికి పొడి అంటకూడదు.

టేపు వెడల్పు అంచు మందం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు మైకా వేస్తే అంచు మందం 20 మిల్లీమీటర్లు అవుతుంది, దానికి 22 మిల్లీమీటర్ల టేపు సరిపోతుంది. ప్లైవుడ్ అంచు జిగురును పీల్చేస్తుంది కనుక మొదట ఒక పలుచని పూత వేసి ఆరనిచ్చి, తరువాత అంచుకూ టేపు వెనుకకూ కలిపి మరో పూత వేయండి. పది, పదిహేను నిమిషాలు ఆగి, వేలితో తాకినప్పుడు అంటుకోకుండా ఉన్నప్పుడే రెండింటినీ కలపాలి. తడిగా ఉండగా కలిపితే లోపల ద్రావకం చిక్కుకుని బుడగలు వస్తాయి. ఒకసారి తగిలాక టేపును జరపడం కుదరదు. అందుకే ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఎడమ చేత్తో టేపును ఎడంగా పట్టుకుని, కుడి చేత్తో అంగుళం అంగుళం అదుముతూ పోవాలి. ఆపై గుడ్డ చుట్టిన చెక్క ముక్కతో గట్టిగా ఒత్తుతూ రెండు మూడు సార్లు నడిపించండి. ఈ జిగురు పట్టు ఎంతసేపు ఆరిందన్న దానికంటే ఎంత గట్టిగా ఒత్తామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

మిగులు టేపును ఆ రోజే కోయకుండా మర్నాటి దాకా ఆగితే మంచిది. పదునైన ఉలిని మైకా మీద దాదాపు పరుండబెట్టి తోస్తూ కోసి, ఆకురాయిని కాస్త వాలుగా పట్టుకుని టేపు వైపు నుంచి చెక్క వైపుకు మాత్రమే రుద్దండి. ఎదురు దిశలో లాగితే, కష్టపడి అంటించిన టేపు పైకి లేస్తుంది.

ఈ జిగురు ఆవిరికి నిప్పు అంటుకుంటుందని మరువకండి. కిటికీలన్నీ తెరిచి ఉంచండి, ఏసీ వేసుకుని తలుపులు మూసి పని చేయవద్దు. హాలుకు ఆనుకుని పూజ గది ఉంటే, ఈ అంటింపు పని ముగిసి, జిగురు వాసన పోయిన తరువాతే ఆ పూట దీపారాధన చేసుకోండి. వంటగదిలో పొయ్యి కూడా వెలిగించవద్దు. పిల్లలను మరో గదిలో ఉంచండి.

పట్టీని మళ్లీ బిగించాక లైటు స్ట్రిప్‌ను నేరుగా ప్లైవుడ్ మీద అంటించకుండా, అల్యూమినియం ఛానల్‌లో పెట్టి, ముందు అంచు నుంచి వీలైనంత వెనక్కి జరపండి. అల్యూమినియం లైటు వేడిని పంచుకుంటుంది, టేపు మీద భారం తగ్గుతుంది.

ప్రశ్న: కొత్త ఇంట్లో ఇలాంటి పట్టీలే పెట్టించుకోబోతున్నాము. టేపు ముందే అంటించాలా, బిగించాక అంటించాలా? ఒక మూలలో పట్టీ గుండ్రంగా తిరుగుతుంది, దానికి ఎంత మందం టేపు వాడాలి?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందే అంటించండి. ముక్కలను కొలతకు కోసి, మూలల దగ్గర ఏటవాలు కోత పూర్తయ్యాక, నేల మీదే టేపు వేసి, ఆ తరువాత పైకెక్కించాలి. గోడల మూలలు చాలా ఇళ్లలో సరిగ్గా 90 డిగ్రీలు ఉండవు కాబట్టి, మూల కోణాన్ని కొలిచి అందులో సగానికి కోయండి. 45 డిగ్రీలని గుడ్డిగా కోస్తే అతుకు దగ్గర సందు తెరుచుకుంటుంది. స్క్రూలను గోడలోకి, లేదా సీలింగు లోపలి ఇనుప ఛానల్‌లోకి దిగేలా వేయాలి, ఉత్త జిప్సం షీటు ఆ బరువును మోయదు.

గుండ్రటి భాగానికి ఒక మిల్లీమీటరు లోపు టేపు తేలికగా వంగుతుంది. రెండు మిల్లీమీటర్ల టేపే కావాలనుకుంటే డ్రయ్యరుతో వేడి చేసి, ముందుగా జిగురు లేకుండా ఆ వంపుకు పట్టి చూసుకోండి. అతుకు వంపులో రాకూడదు, వంపు దాటి తిన్నగా ఉన్న చోట, తలుపు లోంచి రాగానే కంటబడని వైపున పెట్టండి. పట్టీకి ప్లైవుడ్ బదులు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక) వాడుతున్నట్లయితే, గోడ వైపు దాగిపోయే అంచుకు కూడా టేపో, కనీసం రెండు పూతల పెయింటో వేయించండి. వానకు స్లాబు చెమ్మగిల్లితే ఎండీఎఫ్ ఉబ్బడం మొదలయ్యేది ఆ కనిపించని అంచు నుంచే.